తిరుమల ఘాట్‌లో సొంత బండి: లైసెన్స్ ఉంటే సరిపోతుందా? ఏ శిక్షణ పనికొస్తుంది?

అలిపిరి తనిఖీ కేంద్రంలో మీ కారు డిక్కీ తెరిచి చూస్తారు. సామాన్లు స్కాన్ చేస్తారు. ఘాట్ రోడ్డుపై నడపడం వచ్చా అని మాత్రం ఎవరూ అడగరు. అదే కొండకు వెళ్లే ఆర్టీసీ డ్రైవరుకైతే ఘాట్‌పై విడిగా శిక్షణ ఇస్తారు. చదును రోడ్లపై నేర్చుకుని, రాత్రంతా హైవేపై నడిపి, తెల్లవారుజామున కొండెక్కేసే సొంత కారు డ్రైవరుకు అలాంటి షరతేమీ లేదు.

కొండకు రెండు ఘాట్ రోడ్లున్నాయి. 1944లో ప్రారంభమైన మొదటిది ఇప్పుడు దిగడానికి, 1970లలో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. రెండూ వన్‌వే కాబట్టి ఎదురుగా బండి వస్తుందన్న భయం మామూలు రోజుల్లో ఉండదు. అయితే 2021 డిసెంబరులో ఎక్కే రోడ్డుపై కొండరాళ్లు పడ్డప్పుడు వాహనాలను లింక్ రోడ్డు మీదుగా పంపాల్సి వచ్చింది. వానాకాలంలో వెళ్తుంటే ఆ సంగతి గుర్తుంచుకోండి.

వేగానికి కళ్లెం వేయడానికి టీటీడీ కనీస ప్రయాణ సమయం పెట్టింది. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. అంటే దిగేటప్పుడు మీ సగటు వేగం గంటకు 30 కిలోమీటర్ల లోపే ఉండాలి. కొందరు మలుపుల్లో దూసుకొచ్చి, చివర్లో రోడ్డు పక్కన ఆగి గడియారం చూసుకుంటారు. రూలు పాటించినట్టే కనిపిస్తుంది కానీ, రూలు పెట్టింది ఆ మలుపుల కోసమే కదా.

ఎక్కడం కంటే దిగడమే కష్టం. ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు నుంచి దిగే కారును బ్రేకు పెడల్‌తోనే ఆపుతూ వస్తే, ఆ శక్తంతా వేడిగా మారి ప్యాడ్లు, డిస్కుల మీదే పడుతుంది. బాగా వేడెక్కిన ప్యాడ్లు పట్టు కోల్పోతాయి. బ్రేకు ఆయిల్ పాతదై తేమ పీల్చుకుని ఉంటే అది మరిగి బుడగలొస్తాయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. 'బ్రేకులు ఫెయిలయ్యాయి' అని మనం వినే ఘటనల్లో కొన్నిటి వెనుక ఉన్నది ఇదే. మాడిన వాసన వస్తే వెనుక బండ్లకు అడ్డం లేని చోట ఆపి చల్లారనివ్వండి. కాలిన డిస్కుపై నీళ్లు పోయకండి, వంకర పోవచ్చు.

దీనికి మందు ఇంజిన్ బ్రేకింగ్. వాలు మొదలయ్యే ముందే రెండో గేరులోకి, బాగా నిటారుగా ఉంటే మొదటి గేరులోకి వచ్చేయాలి. బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి వదిలేయాలి. ఆటోమేటిక్ కారైతే 'ఎల్' లేదా మాన్యువల్ మోడ్ వాడండి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దిగడం వట్టి ప్రమాదం. ఇంజిన్ ఆపేస్తే పవర్ బ్రేకు, పవర్ స్టీరింగ్ సాయం కూడా పోతుంది. ఎలక్ట్రిక్ కారున్న వాళ్లకు ఒక మాట: బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే రీజనరేటివ్ బ్రేకింగ్ సరిగా పనిచేయదు. కొండ మీద ఫుల్ చార్జింగ్ పెట్టి దిగకండి.

బైకు మీద వెళ్లేవాళ్లకు ప్రమాదం ఎక్కువే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. గేర్లున్న బైకుకు ఇంజిన్ పట్టు దొరుకుతుంది. స్కూటీలో వేగం బాగా తగ్గితే లోపలి క్లచ్ విడిపోయి ఆ పట్టు పోతుంది, భారమంతా బ్రేకులదే. కాబట్టి మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించాలి. ఏబీఎస్ ఉన్నా సరే, వంగిన బండిపై గట్టి బ్రేకు వేస్తే జారిపోవచ్చు. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. అంతకంటే చిన్నవాళ్లకు హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టే బెల్టు కూడా ఉండాలి, వేగం 40 దాటకూడదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో చిన్నారి మరణించాక బైకులను అనుమతించే వేళలు పలుమార్లు మారాయి. బయల్దేరే ముందు టీటీడీ ప్రకటన చూసుకోండి.

మరి ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాలు పెట్టుకోవచ్చు. వాటిలో కారు కోర్సు 29 గంటలు. 8 గంటలు తరగతి గదిలో, 21 గంటలు స్టీరింగ్ వెనుక. ఎత్తెక్కడం, వాలు దిగడం కూడా సిలబస్‌లోనే ఉన్నాయి. పాసైతే ఆర్టీఓ దగ్గర డ్రైవింగ్ టెస్టు అక్కర్లేదు. మామూలు వీధి డ్రైవింగ్ స్కూలుకు, దీనికి తేడా ఇదే. లైసెన్స్ ఉన్నవాళ్లకు రిఫ్రెషర్ శిక్షణ ఇచ్చే వీలూ ఈ నిబంధనల్లో ఉంది.

అయితే 'అడ్వాన్స్‌డ్' అన్న బోర్డు చూసి డబ్బు కట్టేయకండి. లైసెన్స్ వచ్చాక ఇచ్చే శిక్షణపై జరిగిన 24 ప్రయోగాలను కాక్రేన్ సమీక్ష కలిపి చూసింది. అలాంటి శిక్షణ ప్రమాదాలను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. జారే బండిని అదుపు చేసే విద్యలు నేర్పితే కుర్రాళ్లలో ధీమా పెరిగి ఇంకా వేగంగా నడుపుతారన్న అనుమానం పరిశోధకులకు ఎప్పటినుంచో ఉంది. శిక్షణ పొందిన డ్రైవరుంటే చాలనుకోవడానికీ లేదు. 2023 మేలో కొండ దిగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సే బోల్తా పడింది. నా ఉద్దేశంలో కొనదగ్గ శిక్షణ స్టంట్లు నేర్పేది కాదు, మలుపు అవతల ఏముండొచ్చో ముందే ఊహించి వేగం తగ్గించడం నేర్పేది.

చేరే ముందు మూడు అడగండి. నా సొంత బండి మీదే నేర్పుతారా? నిజమైన వాలు రోడ్డుపైకి తీసుకెళ్తారా, మైదానంలోనే తిప్పుతారా? పక్కన కూర్చుని తప్పులు రాసి ఇచ్చేదెవరు? రెండో ప్రశ్నకు మైదానమే అని జవాబొస్తే, మీ ఘాట్ ప్రయాణానికి ఆ కోర్సు పెద్దగా అక్కరకు రాదు. ఈలోగా వెళ్లాల్సి వస్తే మెకానిక్‌తో ప్యాడ్లు చూపించండి, బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. రాత్రంతా నడిపిన మనిషి కొండెక్కే ముందు తిరుపతిలో రెండు గంటలు పడుకోవాలి, లేదంటే కారు కిందే పెట్టి అందరూ ఆర్టీసీ బస్సెక్కాలి.