శరత్తులో శాకంభరి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమల ఉత్సవ చరిత్ర

శరదృతువనగానే కావ్యములలో నిర్మలాకాశము, తేటపడిన జలము, నిండు వెన్నెల వర్ణితములగును. ఆశ్వయుజ కార్తిక మాసములు ఆ ఋతువు. అయితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలకు శరత్తు మరియొక రూపమున వచ్చును. నైరృతి ఋతుపవనము ఇచ్చటికి చేరునప్పటికి బలహీనపడియుండును. ఆ లోటును ఈశాన్య ఋతుపవనము కొంత తీర్చును. అందుచేత ఇచ్చట దేవీనవరాత్రులు రెండు వానకాలముల సంధిలో వచ్చును. ఒకవంక మెట్టచేలలో వేరుసెనగ కాయ చేతికందు వేళ. మరొకవంక చెరువు నిండునో నిండదో యను చింత. కృతజ్ఞతయు ప్రార్థనయు ఒకే పూజలో కలియుట ఈ సీమ శరదుత్సవముల స్వభావము. రానున్న నవరాత్రులకు, దీపావళికి, కార్తిక దీపములకు పల్లెలు సిద్ధమగు వేళ ఈ ఉత్సవముల మూలమును స్మరించుట ఉచితము.

ఈ మూడు సీమలు పూర్వము ఒకే పాలనలో లేవు. మదనపల్లె 1800లో నిజాము ఆంగ్లేయులకు అప్పగించిన దత్తమండలములలోనిది. కడప జిల్లాలో చేరియుండెను. పుంగనూరు, కుప్పం ఉత్తరార్కాటు జిల్లాలోని జమీందారీ సీమలు. కుప్పం కంగుంది జమీందారీకి చెందినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన పిమ్మటనే ఇవి ఒక్క గొడుగు క్రిందికి వచ్చినవి. నేటికిని కుప్పం సంతలో తెలుగు, తమిళము, కన్నడము కలగలిసి వినవచ్చును. పాలకులు మారిరి, ఎల్లలు మారినవి. కాని ఈ సీమలన్నిటను ప్రజలు కొలిచిన తల్లి పేరు మాత్రము మారలేదు. ఆమె గంగమ్మ.

పుంగనూరులో జమీందారుల ఇంటి వేలుపు సుగుటూరు గంగమ్మ. కుప్పములో తిరుపతి గంగమాంబ. పుంగనూరుకు సమీపమున, చౌడేపల్లె మండలములో బోయకొండ గంగమ్మ. జీవనది లేని నేల యిది. మదనపల్లె చెంతనున్న బాహుదా, కుప్పం ప్రాంతమున ప్రవహించు పాలారు వానలు కురిసిననే పారు ఏరులు. చెరువే ఊరికి ప్రాణము. అట్టి నేలపై ప్రజలు తమ తల్లిని నీటి పేరుతో పిలుచుకొనుట యాదృచ్ఛికము కాదు. నీరు లేని చోటనే నీటి విలువ దైవస్వరూపమున గోచరించును.

పుంగనూరు, కుప్పం పట్టణముల గంగజాతరలు ఎండకాలపువి. ఎండ ముదిరి, రోగభయము పెరుగు వేళ ఊరంతయు తల్లిని శరణు వేడును. అది ఆర్తుల పూజ. శరన్నవరాత్రి పూజ వేరు. అప్పుడు బోయకొండపై అదే గంగమ్మ దినమునకొక అలంకారమున మహాశక్తిగా దర్శనమిచ్చును. నవాబు సైన్యము బోయలపై, ఎరుకలపై దాడి చేసినప్పుడు తల్లి ఆవిర్భవించి వారిని కాపాడెనని స్థానిక ఐతిహ్యము. కొండపై పుష్కరిణీజలమును రైతులు కొనిపోయి, చీడపీడలు తొలగునను విశ్వాసముతో చేలపై చల్లుకొందురు. తల్లి శిరస్సుపై పూవులనుంచి, అవి రాలు దిక్కును బట్టి తమ కోరికకు సమాధానము గ్రహించుట ఇచ్చటి ఆచారము.

ఇచ్చట జిజ్ఞాసువునకు ఒక ప్రశ్న కలుగును. గ్రామదేవత వేరు, పురాణప్రసిద్ధయైన పరాశక్తి వేరు అని తలచువారు కలరు. బోయకొండపై బోయలు కొలిచిన గంగమ్మకు నవరాత్రి అలంకారములు పైనుండి తొడిగిన వేషమా, లేక ఆమె స్వరూపమేనా?

సమాధానము మార్కండేయ పురాణాంతర్గతమైన దేవీమాహాత్మ్యమునందే యున్నది. పదమూడు అధ్యాయముల ఆ గ్రంథమున దశమాధ్యాయములో దేవి, జగత్తునందు తానొక్కతెయే యున్నదనియు, కనబడు శక్తులన్నియు తన విభూతులేననియు శుంభునకు తెలుపును. ఏకాదశాధ్యాయమున ఇంకను ఆశ్చర్యకరమైన మాట యున్నది. నూరేండ్లు వాన కురియక నీరు నశించినప్పుడు తాను శతాక్షియై అవతరింతుననియు, తిరిగి వర్షము వచ్చువరకు తన దేహమునుండి పుట్టిన శాకములతో లోకమును భరించి శాకంభరి యను పేర ప్రసిద్ధి చెందుదుననియు దేవి వరమిచ్చును. ద్వాదశాధ్యాయమున శరత్కాలమున ఏటేట జరుగు మహాపూజను తానే ప్రశంసించును. దేవీభాగవతమున శతాక్షి కథ విస్తరింపబడినది: ప్రజల దుఃఖమును చూచి తల్లి నేత్రములనుండి జారిన కన్నీరే తొమ్మిది రాత్రులు వర్షమై కురిసినది.

కనుక అనావృష్టి కథ నవరాత్రులకు పరాయిది కాదు, దాని హృదయములోనిదే. మెట్టనేల రైతు నీటి పేరుతో తల్లిని పిలుచుటయు, పురాణము ఆమెను శాకంభరి యనుటయు ఒకే సత్యమునకు రెండు వాక్కులు. కరువును ఎరిగిన జనులే ఆ నామముయొక్క అర్థమును అనుభవముతో తెలిసికొందురు. 2025లో హంద్రీ–నీవా కాలువ ద్వారా శ్రీశైలమునుండి కృష్ణాజలములు కుప్పం సీమకు చేరినప్పుడు ప్రవాహమునకు హారతి పట్టుట ఈ భావమునకు నూతన రూపమే. భ్రమరాంబికా క్షేత్రముచెంత నిలిచిన జలము గంగమాంబ వాకిటికి వచ్చినది.

నవరాత్రుల పిమ్మట దీపావళి నాడు ఇండ్లలో కేదారగౌరీ నోము, అతిరసముల నైవేద్యము. కార్తికమున సోమవారముల ఉపవాసము, ఉసిరిక నీడన వనభోజనము. వీటన్నిటికిని ముగింపు అన్నమును పంచుకొనుటయే. ఇది శాకంభరీ ధర్మము. మదనపల్లెకు సమీపమునగల తరిగొండలో 18వ శతాబ్దమున జన్మించిన వెంగమాంబ రాజయోగమును బోధించు గ్రంథమును రచించియు, తిరుమలకు చేరి, వచ్చిన భక్తులకు అన్నము పెట్టినది. 2011లో తిరుమలలో ప్రారంభమైన నిత్యాన్నదాన భవనమునకు ఆమె పేరే పెట్టబడినది. మెట్టసీమ బిడ్డకు జ్ఞానము, అన్నము వేరువేరుగా తోచలేదు.

ఈ యేటి ఉత్సవములకు పందిళ్లు లేచును, దీపములు వెలుగును, పదియవ నాడు జమ్మిచెట్టుకు పూజ జరుగును. పందిరి తీసిన మరునాడు మిగులునదేమి? ఊరి చెరువుకట్ట గట్టిగా నిలిచి, కాలువ పూడిక తీయబడి, పంక్తిలో కులభేదము లేక అందరికిని ఒకే అన్నము వడ్డింపబడినచో, గంగమ్మ పూజ సఫలమైనట్లే. చెరువు పూడిపోయి విద్యుద్దీపములు మాత్రమే పెరిగినచో అలంకారము మిగులును, అమ్మ మిగులదు. వాన ఇచ్చుట తల్లి అనుగ్రహము. పడిన చుక్కను నిలుపుకొనుట బిడ్డల ఉపాసన.