మెష్టాస్టిక్: నోడ్ల అమరిక చరిత్ర

సెల్ టవరు, ఇంటర్నెట్ రెండూ లేనిచోట చిన్న రేడియోల మధ్య పొట్టి సందేశాలు, జీపీఎస్ స్థానాలు చేరవేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మెష్టాస్టిక్. అమెరికన్ ప్రోగ్రామర్ కెవిన్ హెస్టర్ 2020 మొదట్లో దీన్ని ప్రారంభించారు. సిగ్నల్ అందని కొండల్లో నడిచేవారు, మంచుమీద స్కీయింగ్ చేసేవారు, పారాగ్లైడర్లు ఒకరి జాడ ఒకరు తెలుసుకోవాలన్నది తొలి ఉద్దేశం. ఈ వలలో ప్రతి రేడియో ఒక నోడ్. తనకు వినబడిన సందేశాన్ని అది తిరిగి ప్రసారం చేస్తుంది, ఆ విధంగా మాట దూరం పోతుంది. అయితే అందరికీ ఉన్నది ఒకటే పౌనఃపున్యం. ఒకరు ప్రసారం చేస్తుంటే చుట్టుపక్కల వారు ఆగాలి. నోడ్ల అమరికలో కాలక్రమేణా వచ్చిన మార్పుల్లో చాలామటుకు ఈ ఇరుకు నుంచి పుట్టినవే.

పూర్వరంగం

రేడియోలో డేటాను ప్యాకెట్లుగా పంపే పద్ధతికి ఆద్యుడు నార్మన్ అబ్రామ్‌సన్. ఆయన నాయకత్వంలో హవాయి విశ్వవిద్యాలయం రూపొందించిన అలోహానెట్ 1971లో పనిచేయడం మొదలుపెట్టింది. 1978లో కెనడాలోని మాంట్రియల్ హామ్‌లు, అంటే అభిరుచితో రేడియో నడిపే ఔత్సాహికులు, ప్యాకెట్ రేడియో ప్రయోగాలు చేశారు. అదే దారిలో బాబ్ బ్రునింగా రూపొందించిన ఏపీఆర్ఎస్ అనే ప్యాకెట్ రేడియో వ్యవస్థ 1990లలో ప్రాచుర్యం పొందింది. మెష్టాస్టిక్‌కు ఏపీఆర్ఎస్ దగ్గరి పూర్వీకుడు. అందులో వాడుకరి తన ప్యాకెట్ ఎన్ని రిపీటర్లు (సందేశాన్ని తిరిగి ప్రసారం చేసే స్టేషన్లు) దాటాలో తానే చెప్పుకునేవాడు. చాలామంది పెద్ద అంకె పెట్టుకోవడంతో నగరాల్లో ఛానల్ కిక్కిరిసిపోయింది. 2000ల దశకం మధ్యలో బ్రునింగా ఈ దూకుడుకు కళ్లెం వేసే కొత్త పద్ధతిని ప్రచారం చేయాల్సి వచ్చింది. పదిహేనేళ్ల తర్వాత మెష్టాస్టిక్ వాడుకరులు ఇదే పాఠం మొదటినుంచి నేర్చుకున్నారు.

మెష్టాస్టిక్‌కు దూరం ఇచ్చేది లోరా అనే రేడియో సాంకేతికత. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సైక్లియో అనే చిన్న సంస్థ ఈ సాంకేతికతను అభివృద్ధి చేసింది. 2012లో అమెరికా కంపెనీ సెమ్‌టెక్ ఆ సంస్థను కొన్నది. పౌనఃపున్యం ఒక చివర నుంచి మరో చివరకు జారుతూ పోయే ‘చిర్ప్’ సంకేతాలు కావడం వల్ల, చుట్టూ ఉన్న రొదకంటే బలహీనంగా వచ్చిన సందేశాన్నీ రిసీవర్ పట్టగలదు. దీనికి మూల్యం వేగం. లోరా వాన్ అనే ప్రామాణిక పద్ధతిలో పరికరాలన్నీ గేట్‌వే అనే కేంద్ర రేడియోతోనే మాట్లాడతాయి. మెష్టాస్టిక్ గేట్‌వేను తీసేసి, పరికరాలను ఒకదానితో ఒకటి కలిపింది.

తొలి అమరికలు

మొదట్లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఫర్మ్‌వేర్ (రేడియోలో ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఫైలు ఉండేది. ఫైలు తప్పితే నోడ్ ఆ దేశంలో అనుమతిలేని పౌనఃపున్యంలో మోగేది. తర్వాత ఒకే ఫైలు అందరికీ సరిపోయేలా చేసి, ప్రాంతాన్ని సెట్టింగుగా మార్చారు. కొత్త నోడ్‌లో ప్రాంతం ఎంచుకునేదాకా అది ప్రసారమే చేయదు. వాడుకరి తప్పు చేయకుండా ఆపినవాటిలో ఇదే అన్నిటికంటే మంచి మార్పు. ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి ఒకప్పుడు పైథాన్ ఆదేశాలు టైపు చేయాల్సి వచ్చేది, ఇప్పుడు బ్రౌజర్‌లోనే అయిపోతుంది. ఛానల్ పేరు, తాళంచెవి, వేగం ఒకే క్యూఆర్ కోడ్‌లో పట్టడంతో, ఒక బృందం తన నోడ్లన్నిటినీ నిమిషాల్లో ఒకేలా అమర్చుకోగలుగుతోంది.

వేగాన్ని అంకెలతో కాక ప్రీసెట్లతో, అంటే ముందే సిద్ధం చేసిన అమరికలతో, ఎంచుకుంటారు. మామూలుగా ఉండేది లాంగ్‌ఫాస్ట్: స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఒక్కో చిర్ప్ ఎంతసేపు సాగాలో చెప్పే అంకె) 11, వెడల్పు 250 కిలోహెర్ట్జ్, సెకనుకు సుమారు 1 కిలోబిట్. పేరులో వేగం ఉన్నా ఇది నిజానికి నత్తనడకే. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ ఒక మెట్టు పెరిగితే సందేశం గాలిలో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది. సందేశం పరిమితి సుమారు 200 బైట్లు. యూటీఎఫ్-8 కోడింగులో తెలుగు అక్షరాలకూ గుణింత గుర్తులకూ ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటకే 18 బైట్లు. ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు పట్టేచోట తెలుగులో ఒకటి పడితే గొప్ప.

రద్దీ, దిద్దుబాట్లు

మెష్టాస్టిక్ దారి వెతకదు, సందేశాన్ని వరదలా వదులుతుంది. ఈ వరదకు ఒక కట్టుబాటుంది. సందేశం బలహీనంగా వినబడిన నోడ్, అంటే దూరాన ఉండే అవకాశం ఎక్కువున్న నోడ్, ముందు పలుకుతుంది. అది విన్న దగ్గరి నోడ్లు తమ ప్రసారాన్ని మానుకుంటాయి. ‘రౌటర్’ పాత్ర ఇచ్చిన నోడ్ మాత్రం అందరికంటే ముందే, తప్పకుండా పలుకుతుంది. కొండ శిఖరం మీద పెట్టే నోడ్ల కోసం చేసిన ఏర్పాటిది. పేరు గంభీరంగా ఉండటంతో మిద్దెమీది నోడ్లకూ, కిటికీలోని నోడ్లకూ జనం అదే ఎంచుకున్నారు. ఫలితంగా పల్లపు నోడ్ ముందుగా అరచి, ఎత్తున ఉన్న నోడ్ నోరు మూయిస్తోంది. చాలామందికి సరిపోయేది మామూలు ‘క్లయింట్’ పాత్రే అని ప్రాజెక్టు పదేపదే చెబుతూ వస్తోంది. సందేశం ఎన్నిసార్లు తిరిగి ప్రసారం కావచ్చో చెప్పే గెంతుల పరిమితిదీ ఇదే కథ. డిఫాల్ట్ 3, గరిష్ఠం 7. ప్యాకెట్ శీర్షికలో దానికి మూడు బిట్లే కేటాయించడం వల్ల 7 దాటదు. దాటనివ్వకపోవడం మేలే అయింది.

ఎంక్యూటీటీ అనే సందేశ పద్ధతి ద్వారా నోడ్లను ఇంటర్నెట్‌కు కలిపే వీలు మరో చిక్కు తెచ్చింది. పొరుగు రాష్ట్రాల సందేశాలు కూడా ఊరి రేడియో ఛానల్‌లోకి వచ్చిపడ్డాయి. 2024లో ప్రాజెక్టు తన పబ్లిక్ సర్వర్ నుంచి వచ్చే సందేశాలు స్థానిక వలలో ఒక్క గెంతూ ముందుకు పోకుండా నియమం పెట్టింది. నోడ్లు ఎక్కువైన చోట స్థానం, బ్యాటరీ సమాచారం పంపే వ్యవధిని ఫర్మ్‌వేరే పెంచుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతపు వాడుకరులు లాంగ్‌ఫాస్ట్ వదిలి వేగమైన మీడియం ప్రీసెట్‌కు మారారు. దూరం కొంత తగ్గినా ఛానల్ ఊపిరి పీల్చుకుంది.

డిఫాల్ట్ ఛానల్ తాళంచెవి అందరికీ తెలిసినదే, అందులో రాసింది ఎవరైనా చదవగలరు. వ్యక్తిగత సందేశాలకు పబ్లిక్ కీ రక్షణ 2024లో 2.5 వెర్షన్‌తో వచ్చింది. 2025లో వచ్చిన 2.6, ఒకరికే నేరుగా పంపే సందేశాలకు వరదను వదిలి తర్వాతి నోడ్‌ను గుర్తుంచుకునే పద్ధతి తెచ్చింది. అదే ఏడాది వ్యాపించిన మెష్‌కోర్ అనే ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు వేసి, తిరిగి ప్రసారం చేసే పనిని రిపీటర్లకే పరిమితం చేసింది.

భారతదేశంలో

మనదేశంలో 865–867 మెగాహెర్ట్జ్ పట్టీకి 2005 నాటి నిబంధనలు లైసెన్సు మినహాయింపు ఇచ్చాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి గరిష్ఠంగా 1 వాట్. మెష్టాస్టిక్‌లో ‘ఐఎన్’ ప్రాంతం ఈ పట్టీకే అమర్చి ఉంది. లాంగ్‌ఫాస్ట్ వెడల్పుతో ఇందులో పట్టేవి ఎనిమిది స్లాట్లే, అంటే ఎనిమిది విడి పౌనఃపున్య స్థానాలే. ఛానల్ పేరు నుంచే స్లాట్ లెక్కగడతారు కనుక ప్రధాన ఛానల్ పేరు మార్చినవారు పౌనఃపున్యం కూడా మారిపోయి ఇరుగుపొరుగు నోడ్లకు దూరమవుతుంటారు. అమెరికాలోని బంధువులు 915 మెగాహెర్ట్జ్ పరికరం తెస్తే దాని యాంటెన్నా ఇక్కడి పట్టీకి సరిపోదు. కొనేటప్పుడు 868 రకమే అడగాలి, యాంటెన్నా బిగించకుండా మాత్రం నోడ్‌కు కరెంటు ఇవ్వకూడదు.