బొమ్మా, దేవతా? ఉత్తర తెలంగాణ బాల్యచరిత్రకు బొడ్డెమ్మ సాక్ష్యం

బాల్యచరిత్ర రచనకు ప్రధానమైన అవరోధం ఆధారాల కొరత. పిల్లలు శాసనాలు వేయించలేదు, కైఫీయతులు రాయించలేదు. వారు ప్రాణంగా చూసుకున్న బొమ్మలు గుడ్డపీలికలతో, తడిమట్టితో, జొన్నదంట్ల బెండుతో చేసినవి. ఒక వానకాలం దాటి నిలిచే వస్తువులు కావవి. నిలిచినవి ప్రధానంగా రెండు రకాలు: కాల్చిన మట్టిబొమ్మలు, నిపుణులు చెక్కిన కొయ్యబొమ్మలు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఈ రెండూ ఉన్నాయి. అయినా బొమ్మతో పసిపిల్ల ఏమి ఊహించుకున్నది, దానిని ఎవరుగా భావించింది అనే ప్రశ్నకు అవి నేరుగా సమాధానమియ్యవు. ఆ సమాధానానికి దారి చూపగల మూడవ ఆధారంగా బొడ్డెమ్మ ఆటను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాల్చిన మట్టి, చెక్కిన కొయ్య

1960ల చివరి నుండి 1980ల తొలినాళ్ళ వరకు పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాలలో రాష్ట్ర పురావస్తుశాఖ జరిపిన తవ్వకాలు శాతవాహనకాలపు నివాసాలను వెలుగులోకి తెచ్చాయి. పెద్దబంకూరులో నాణేలతోపాటు మట్టిబొమ్మలు కూడ లభించాయి. అంతకు ముందే, 1940ల తొలినాళ్ళలో, మెదక్ ప్రాంతంలోని కొండాపురంలో హైదరాబాదు పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. రెండు అచ్చుల నడుమ రూపుదిద్ది కాల్చిన సున్నితమైన బొమ్మలు అక్కడ బయటపడ్డాయి. ఇటువంటి వస్తువులను వర్గీకరించేటప్పుడు స్త్రీమూర్తి అయితే మాతృదేవత అనీ, చిన్న జంతువు అయితే ఆటవస్తువు అనీ పేర్కొనడం పురావస్తు రచనలలో తరచుగా కనిపించే పద్ధతి. ఒక వస్తువు పూజకో ఆటకో ఏదో ఒకదానికే చెంది ఉండాలన్న నమ్మకం ఈ పద్ధతికి మూలం.

నిర్మల్ కొయ్యబొమ్మల చరిత్ర మరొక రకమైనది. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతికి, నకాషీ కళాకారులు పండ్లకు, పక్షులకు, జంతువులకు రూపమిస్తారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళను గూర్చి చెప్పేటప్పుడు కర్ర, రంగు, పనివాడు, కొనుగోలుదారు ప్రస్తావనకు వస్తారు. బొమ్మ చేతికి అందిన తర్వాత పసిపిల్ల దానితో గడిపిన జీవితం ఆ ప్రస్తావనలో కానరాదు.

కావ్యంలో బొమ్మల పెండ్లి

వస్తువు మౌనం వహించినచోట కావ్యం కొంత పలుకుతుంది. 15వ శతాబ్దికి చెందిన బమ్మెర పోతన నరకాసురవధ ఘట్టంలో సత్యభామ యుద్ధరంగ ప్రవేశాన్ని వర్ణిస్తూ, బొమ్మల పెండ్లికి వెళ్ళడానికే ఇష్టపడని బాల రణానికి ఎట్లా వచ్చిందని విస్మయపడతాడు. ఈ ప్రస్తావన నుండి రెండు విషయాలు గ్రహించవచ్చు. ఒకటి, వివరణ అక్కరలేనంతగా బొమ్మల పెండ్లి శ్రోతలకు పరిచితం. రెండు, అది ఒంటరి ఆట కాదు. నలుగురు కూడే చోటికి ‘వెళ్ళవలసిన’ వేడుక. ఆ వేడుకలో బాలిక వధువు కాదు, వధువుకు తల్లి. నిజజీవితంలో తన పెండ్లిపై ఏ అధికారమూ లేని పిల్ల, ఆటలో పెండ్లి నిర్ణయించే పెద్ద అవుతుంది. బొమ్మ ఆమెకు ఇచ్చిన స్థానం అది.

బొడ్డెమ్మ

బతుకమ్మకు ముందు, భాద్రపద బహుళ పక్షంలో తొమ్మిది రోజులు పెండ్లికాని ఆడపిల్లలు ఆడేది బొడ్డెమ్మ. పుట్టమన్ను తెచ్చి, పీటమీద అంతస్తులుగా మెత్తి, అలికి, ముగ్గులు వేసి, పూలు పెడతారు. సాయంకాలం దాని చుట్టూ తిరుగుతూ పాడతారు. ఆట ముగిసే వేళ జోలపాట పాడి బొడ్డెమ్మను నిద్రపుచ్చుతారు. చివరి రోజున చెరువులోనో బావిలోనో ఓలలాడించి, ఫలారం పంచుకొంటారు.

ఈ క్రమంలో మూడు అంశాలు గమనార్హం. మొదటిది, బొడ్డెమ్మకు ముఖం లేదు. కన్నులు, చేతులు లేని మట్టిమెట్లను పిల్లలు ఒక వ్యక్తిగా స్వీకరిస్తారు; పోలికలోని లోటును ఊహ పూరిస్తుంది. రెండవది, గౌరిగా పూజలందుకొనే ఆమెనే పిల్లలు పసిబిడ్డలా జోకొడతారు. మొక్కేదీ లాలించేదీ ఒకే చేయి. మూడవది, ఆమెను పోగొట్టుకోవడం కూడ ఆటలో భాగమే. ఎంతో ఇష్టంగా చేసుకున్న దానిని తమ చేతులతోనే నీటికి అప్పగిస్తారు, మరుసటి ఏడు మళ్ళీ చేసుకోవడానికి. జపాన్‌లో కాగితపు బొమ్మలను ఏటిలో వదిలే ఆచారం ఇక్కడ పోల్చదగినది.

బ్రిటిష్ శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు డోనాల్డ్ విన్నికాట్ 1951లో సమర్పించి 1953లో ప్రచురించిన వ్యాసంలో, పసిపిల్లలు విడువలేని గుడ్డముక్క, మెత్తని బొమ్మ వంటి వస్తువులను చర్చించాడు. దీనిని నీవే కల్పించుకొన్నావా, బయటి నుండి వచ్చిందా అని శిశువును అడగరాదన్నది ఆయన కీలక ప్రతిపాదన. ‘దేవతా, బొమ్మా’ అని బొడ్డెమ్మ ఆడే పిల్లను అడగడం కూడ అటువంటిదే. ఆ ప్రశ్న పెద్దలది.

సాక్ష్యానికి గల పరిమితి

బొడ్డెమ్మను చూపి శాతవాహనకాలపు బొమ్మలన్నీ ఆటవస్తువులని గాని, రెండువేల ఏండ్లు అవిచ్ఛిన్నంగా ఒకే సంప్రదాయం సాగిందని గాని చెప్పడానికి వీలులేదు. అది నిరూపించేది ఇంతే: ఈ ప్రాంతంలోనే పూజ, ఆట విడదీయరాకుండా కలిసిన ఆచారం ఉన్నది కాబట్టి, ఆ రెంటిలో ఒకదానిని ఎంచుకొని తీరాలన్న నియమం సరికాదు. పేరు పెట్టడానికి ముందు వేరే ప్రశ్నలు వేయాలి. బొమ్మ ఇంటి నేలపై దొరికిందా, చెత్తగుంటలోనా, నీటిలోనా? ఎక్కడ అరిగింది? మట్టిపై వేలిముద్రలుంటే అవి పెద్దలవా, పిల్లలవా?

మరొక కర్తవ్యం మరింత తొందరది. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకుల కృషివల్ల జానపద గేయానికి విశ్వవిద్యాలయంలో గౌరవస్థానం లభించింది. పాటలు గ్రంథస్థమవుతున్నాయి. కాని పాట చుట్టూ ఉన్న ఆట, మట్టి ఎవరు తెచ్చారు, ఎవరి ఇంటి ముందు పెట్టారు, నిద్రపుచ్చిన తర్వాత పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడేవారా అన్న సంగతులు వృద్ధ స్త్రీల జ్ఞాపకాలలోనే ఉన్నాయి. బొడ్డెమ్మ ఏటేటా నీటిలో కరిగినా మళ్ళీ పుట్టింది; ఎట్లా చేయాలో తెలిసిన అక్క పక్కన ఉండటమే అందుకు కారణం. ఆ తెలిసినవారిని ఇప్పుడే అడిగి నమోదు చేయకపోతే, ఉత్తర తెలంగాణ బాలికల ఊహాజీవితానికి మిగిలిన ఈ అరుదైన సాక్ష్యం కూడ చరిత్రకు అందకుండా పోతుంది.