చేపు: తల్లిపాల వెనుకనున్న చరిత్ర

మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో తెల్లవారుజామున బర్రెను పితకడం చూచినవారికి ఒక సంగతి తెలిసియే ఉంటుంది. ముందు దూడను వదలుతారు. అది పొదుగును నాలుగైదు మార్లు కుమ్మి చీకగానే చన్నులు నిండుతవి. అప్పుడు “బర్రె చేపింది” అంటారు. కొత్త మనిషి చెయ్యి తగిలినా, కుక్క మొరిగినా అదే బర్రె ఎగచేపుతుంది. పొదుగులో పాలున్నవి, కాని బయటికి రావు.

మన ఇళ్ళలో బాలింతల విషయంలోనూ ఈ “చేపు” అనే మాటనే వాడుతారు. పాడి పశువుకు, తల్లికి ఒకే మాట వాడిన మన పెద్దల పరిశీలన ఎంత సరియైనదో శాస్త్రం తేల్చడానికి 20వ శతాబ్దంలో చాలా భాగం పట్టినది.

1910లో అమెరికాలో ఐజాక్ ఆట్, జాన్ స్కాట్ అనువారు పీయూషగ్రంథి వెనుక భాగపు సారాన్ని ఒక మేకకు ఎక్కించినారు. వెంటనే పాలు వడిగా కారినవి. ఆ సారం పాలను తయారు చేయదు; పొదుగులో అప్పటికే ఉన్న పాలను బయటికి నెట్టుతుంది. అందులోని పదార్థమే ఆక్సిటోసిన్ అనే హార్మోను. 1953లో విన్సెంట్ డు విన్యో దీనిని ప్రయోగశాలలో తయారు చేసి, 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినాడు.

మరి పాలు తయారయ్యేది ఎట్లు? 1928లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో స్ట్రికర్, గ్రూటర్ అనువారు పీయూషగ్రంథి ముందు భాగపు సారంతో కుందేళ్ళలో పాలు పుట్టించినారు. పావురాలపై పరిశోధనలు చేసిన ఆస్కార్ రిడిల్ తరువాత ఈ హార్మోనుకు ప్రోలాక్టిన్ అని పేరు పెట్టినాడు. అనగా ఒకే గ్రంథిలో రెండు పనులు సాగుతున్నవి: ఒకటి పాల ఉత్పత్తి, రెండవది చేపు. బిడ్డ చన్ను చీకినప్పుడు ఆ స్పర్శ నాడుల ద్వారా మెదడుకు చేరి, ఈ రెండింటినీ కదిలిస్తుంది.

ఎగచేపు రహస్యం 1941లో బయటపడినది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎలీ, పీటర్సన్ అనువారు పితికే సమయంలో ఆవు దగ్గర కాగితపు సంచులను పేల్చి దానిని బెదరగొట్టినారు. ఆవు చేపలేదు. అడ్రినలిన్ ఎక్కించినప్పుడూ అంతే. భయపడినప్పుడు శరీరంలో పుట్టే అడ్రినలిన్ చేపును అడ్డగిస్తున్నదని వారు గ్రహించినారు.

మనిషి విషయమూ ఇంతేనా? 1948లో నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ దంపతులు ఒక తల్లీబిడ్డలపై పరీక్ష చేసినారు. ప్రశాంతంగా ఇచ్చినప్పుడు బిడ్డ తాగిన పాలు సగటున 168 గ్రాములు. తల్లి పాదాలను మంచునీటిలో ఉంచడం వంటి పనులతో ఆమెను చికాకుపరచినప్పుడు 99 గ్రాములే. అదే చికాకులో ఆక్సిటోసిన్ ఇచ్చినప్పుడు 153 గ్రాములు. పాలు ఎండిపోలేదు, చేపు మాత్రమే ఆగినది!

1980 దశకంలో స్కాట్లండులోని హన్నా పరిశోధన సంస్థవారు ఇంకొక మెలికను విప్పినారు. మేక పొదుగులో ఒక వైపు రోజుకు 3 మార్లు, రెండవ వైపు 2 మార్లు పితికినారు. ఎక్కువ మార్లు పితికిన వైపే ఉత్పత్తి పెరిగినది. రెండు వైపులకూ అందే రక్తం ఒకటే, హార్మోనులు ఒకటే. కనుక ఖాళీ అయిన చోటనే పాలు ఊరుతవి. నిండి నిలిచిన చోట ఉత్పత్తి మందగిస్తుంది. మన ఊరి చెలమ కూడ తోడుతున్నకొద్దీ ఊరుతుంది కదా!

ఇక ఆహారం సంగతి. మెంతులు, ఎల్లిగడ్డ కారం, బొప్పాయి కాయ కూర పాలు పెంచుతవని మన నమ్మకం. ఈ ప్రశ్నను మన దేశంలోనే ప్రయోగానికి పెట్టినవాడు డాక్టర్ సి. గోపాలన్. పేద తల్లులకు మాంసకృత్తులు అధికంగా ఇచ్చి, పాలు పెంచునని పేరున్న కొన్ని పదార్థాలనూ పరీక్షించి, 1958లో ఆయన ఫలితాలు ప్రకటించినాడు. ఆయన పనిచేసిన కూనూరు పోషకాహార పరిశోధనశాల ఆ సంవత్సరమే హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. పాలు పెంచే మందులు, మూలికలపై జరిగిన 41 ప్రయోగాలను 2020లో కాక్రేన్ సంస్థ సమీక్షించినది. గట్టిగా నమ్మదగిన రుజువు దొరకలేదు. అయినను తల్లికి తిండి తగ్గించరాదు. తల్లి చాలీచాలక తిన్నచో ముందు ఆమె శరీరమే కరుగుతుంది. మొదటి 6 నెలలలో రోజుకు అదనంగా 600 కేలరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అవసరమని మన ప్రమాణాలు చెబుతున్నవి. తెలంగాణలో 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం క్రింద అంగన్‌వాడీలలో బాలింతలకు భోజనంతో బాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే ఏర్పాటు ఇందుకే.

ఈ చరిత్ర తెలియకపోతే నష్టమేమి? “నీకు పాలు చాలవమ్మా” అనే ఒక్క మాట కొత్త తల్లిని బెదరగొట్టుతుంది. బెదరినచో చేపు తగ్గుతుంది. బిడ్డ ఏడుస్తుంది. డబ్బాపాలు వస్తవి. కడుపు నిండిన బిడ్డ చన్ను తక్కువ చీకుతుంది. నిజంగానే పాలు తగ్గుతవి. లేని కొరత ఉన్న కొరతగా మారుతుంది. ఈ ప్రమాదం గ్రహించియే 1981లో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల ప్రచారానికి నియమావళి ఏర్పరచినది. 1992లో మన పార్లమెంటు చట్టం చేసినది.

శామీర్‌పేట ప్రయోగశాలలలోను, మేడ్చల్ కర్మాగారాలలోను పనికి వెళ్ళే తల్లులకు చిక్కు వేరు. పగలంతా బిడ్డ దగ్గర లేకపోతే రొమ్ము నిండి నిలిచిపోతుంది. పాలు పిండి దాచడం ఒక ఉపాయం. బిడ్డకు 15 నెలలు నిండువరకు రోజుకు రెండు మార్లు పాలిచ్చుటకు విరామం పొందే హక్కును 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇచ్చినది.

మొదటి వారం గడచిన తరువాత బిడ్డ రోజుకు ఆరు మార్లు, అంతకు మించి మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్లే. బరువు పెరగకపోతే ఆలస్యం చేయక వైద్యునికి చూపవలెను. నిజంగా పాలు తక్కువైన తల్లులూ కొందరుంటారు, అది వారి తప్పు కాదు. తక్కిన వారికి మొదటి మందు బిడ్డ చీకడమే, రెండవది ఇంటివారిచ్చే ధైర్యం. దూడను వదలి, బర్రెను బెదరగొట్టక నిలుచున్న పాడి రైతుకు ఈ రెండూ ఏనాడో తెలుసు.