సినిమా హాళ్ళ పాత ఫొటోలు – అవి చెప్పేవి, చెప్పనివి



మన తెలుగువాళ్ళు సినిమాను బొమ్మ అన్నారు. ఫొటోనూ బొమ్మే అన్నారు. "ఊళ్ళో ఏం బొమ్మ ఆడుతోంది?" అని అడిగేవారే గాని "ఏ చలనచిత్రం ప్రదర్శితమవుతోంది?" అని పత్రికలవారు తప్ప ఎవరూ అనలేదు. కాబట్టి పాత సినిమా హాలు ఫొటో అంటే, బొమ్మలాడిన ఇంటి బొమ్మ. ఉద్యోగ విరమణ చేసిన నాటినుంచీ ఇటువంటి ఫొటోలను పోగుచేస్తున్నాను. పూర్వ విద్యార్థులు ఇచ్చినవి కొన్ని, బంధువుల ఆల్బములనుంచి అడిగి నకలు తీయించుకొన్నవి కొన్ని. భాషాప్రవీణ చదివి, ముప్ఫై ఏళ్ళు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పినవాడికి ఈ వ్యాపకమేమిటని ఇంట్లోవారు నవ్వుతూ ఉంటారు. నాకు మాత్రం ఇది పాత విద్యే. తాళపత్ర ప్రతి చేతికి వచ్చినప్పుడు మేము ఏం చేస్తాము? ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు, ఎక్కడ ప్రక్షిప్తముంది అని చూస్తాము. ఫొటోనూ అలాగే చదవాలి. చదవకుండా చూసి ఊరుకొంటే అది కేవలం ముచ్చటే.

మన హాళ్ళ చరిత్ర అసలు ఒక ఫొటోగ్రాఫరుతోనే మొదలయింది. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసు మౌంటు రోడ్డులో ఫొటో స్టూడియో నడిపినవారు. ఆ వృత్తిలో ఉండగానే 1910 ప్రాంతాల్లో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని కొన్నారు. గ్రామఫోను పలకకు చిన్న చిన్న చిత్రాలను జతచేసి చూపే సాధనమది. దానితో మద్రాసులోనూ ఇతర ఊళ్ళలోనూ ప్రదర్శనలిచ్చి, బర్మా, సింహళాల వరకు వెళ్ళి, తిరిగివచ్చి మౌంటు రోడ్డులోనే గెయిటీ థియేటరు కట్టారు. తరువాత క్రౌన్, గ్లోబ్ కూడా ఆయనవే. గెయిటీ కట్టిన సంవత్సరం 1912 అని కొందరు, 1914 అని కొందరు వ్రాశారు. కెమెరా చేతపట్టి బ్రతికిన మనిషి కట్టిన హాలుకే ఇలా రెండు పాఠాంతరాలు ఉన్నాయంటే, తక్కిన వాటి సంగతి చెప్పేదేముంది? ఆ హాలు ఇప్పుడు లేదు. అదే రోడ్డులో 1913లో వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు పెట్టిన ఎలక్ట్రిక్ థియేటరు మాత్రం నిలిచింది. దాన్ని కొద్దికాలానికే తపాలాశాఖ కొనివేసింది. సినిమా ఆడటం మానుకొన్నందువల్లనే ఆ కట్టడం బ్రతికి, తపాలా బిళ్ళల కార్యాలయమై అన్నాశాలైలో ఉంది. ఆడుతూ ఉన్న హాళ్ళే పోయాయి.

హైదరాబాదు వైపు చూస్తే రాజా దీన్‌దయాళ్ ఎంత విస్తారంగా ఫొటోలు తీశారో మీకు తెలుసు. మహళ్ళు, దర్బార్లు, వేటలు, అన్నీ పట్టారు. ఆయన 1905లో కన్నుమూశారు. ఇంకొక ఇరవై ఏళ్ళుంటే నిజాం రాజధానిలో తొలి హాళ్ళు ఎలా ఉండేవో మనకు గాజుపలకల మీద దక్కేవేమో అని ఆశపడుతుంటాను.

బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు 1921లో మారుతి సినిమా కట్టారు. ఆంధ్రదేశంలో తొలి హాలుగా దాన్నే చెబుతారు. ఆ పేరులోని "సినిమా" అనే మాటను గమనించండి. మూకీల కాలంలో హాళ్ళ పేర్ల చివర సినిమా, పిక్చర్ ప్యాలెస్, బయోస్కోపు వంటి మాటలుండేవి. 1931లో బొమ్మ మాట్లాడింది. ఆ పైని "టాకీస్" వచ్చింది. పాత హాళ్ళవారు కూడా బోర్డు మార్చి టాకీస్ అని వ్రాయించుకొన్నారు. ఇంగ్లీషులో బహువచనమైన ఆ మాట మన దగ్గర చక్కగా ఏకవచనమై, "టాకీసుకు వెళ్ళొచ్చాం" అని ఉకారాంతంగా స్థిరపడింది. ఆ తరువాత మహల్, కళామందిర్, చిత్రమందిర్. చివరికి డెబ్భై ఎం.ఎం., డీలక్స్. కాబట్టి నుదుటి మీది పేరు ఫొటోకు ఒక పై హద్దు గీస్తుంది. టాకీస్ అని ఉన్న ఫొటో 1931కి ముందుది కాజాలదు. అంతవరకే. పేరు కింద తేదీ ఉంటే దాన్ని కూడా నమ్మడానికి లేదు. అది కట్టిన తేదీ కావచ్చు, సున్నం వేసిన తేదీ కావచ్చు.

ఇక అందరూ ఆధారపడేది హాలు ముందు కట్టిన సినిమా బోర్డు. ఇక్కడే జాగ్రత్త అవసరం. నా పూర్వ విద్యార్థి ఒకరు తమ తాతగారి హాలు ఫొటో పంపారు. ఊరిపేరు, వారి పేరు చెప్పను, గోదావరి జిల్లాలలోనిది. ముందు ఎడ్లబండ్లు బారులుతీరి ఉన్నాయి. గుమ్మానికి మామిడాకుల తోరణం. పైన పెద్ద అక్షరాలతో "లవకుశ". ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకొనే మాట ఏమిటంటే, తమ హాలు లవకుశతో మొదలయిందని, అది 1934 అని. సి. పుల్లయ్యగారి లవకుశ 1934లోనే వచ్చింది. పల్లెలనుంచి బండ్లు కట్టుకొని వచ్చి చూశారన్నదీ ప్రసిద్ధమే. పారుపల్లి సుబ్బారావుగారు రాముడు, శ్రీరంజనిగారు సీత. అన్నీ కుదిరాయి. ఆ కుటుంబం ఆ ఫొటోను పెద్దదిగా చేయించి, కింద సంవత్సరం వ్రాయించి, హాలులో వ్రేలాడదీసుకొన్నది.

భూతద్దం పెట్టి చూశాను. బోర్డుమీది పేరుకు దిగువన, ఒక తోరణపు ఆకు సగం కప్పిన చోట, చిన్న అక్షరాలున్నాయి: గేవాకలర్. 1934లో మనకు రంగుల బొమ్మ లేదు. అదే సి. పుల్లయ్యగారు మొదలుపెట్టగా వారి కుమారుడు సి.ఎస్. రావుగారు పూర్తిచేసిన రెండవ లవకుశ 1963లో విడుదలయింది. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రాలలో మొదటిదదే. ఫొటో నలుపు తెలుపులలో ఉన్నందువల్ల బోర్డు కూడా నలుపు తెలుపులలోనే కనిపించి, పాతకాలపు వేషం కట్టింది. బండ్లు దానికి తోడయ్యాయి. 1963లో మాత్రం బండ్లు లేవా? ఆ బొమ్మకు కూడా జనం బండ్లు కట్టుకొనే వచ్చారు.

ఈ సంగతి చెబితే ఆ విద్యార్థి తల్లిగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తరువాత తానే ఫోను చేసి, "మాష్టారూ, ఫొటో అరవైమూడుదే అనుకోండి. మా మామగారు హాలు మొదలుపెట్టింది మాత్రం ముప్ఫైనాలుగులోనే. ఆయన నోటితో చెప్పగా విన్నాను" అన్నారు. ఆ మాటను నేను కాదనలేను. పాత లవకుశతో మొదలైన హాలులోనే కొత్త లవకుశ ఆడినప్పుడు మళ్ళీ తోరణం కట్టి ఫొటో తీయించుకొని ఉండవచ్చు. తేల్చవలసిన లైసెన్సు కాగితాలు చెదలు తిన్నాయి. ఫొటో కింది సంవత్సరాన్ని వారు తుడిపివేయలేదు. పక్కన నా మాటనూ చేర్చి, రెండూ ఉంచారు. పరిష్కర్తలు చేసే పని అదే గనుక నాకు తృప్తిగానే ఉంది.

ఇంటివారి జ్ఞాపకానికే కాదు, చరిత్ర పుస్తకాలకు కూడా ఇది తప్పలేదు. భక్తప్రహ్లాద విడుదల 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలపాటు అందరూ వ్రాసుకొంటూ వచ్చారు. పాత్రికేయులు రెంటాల జయదేవగారు సెన్సారు కాగితాలు, ఆనాటి పత్రికలు వెతికి, సెన్సారు ధ్రువపత్రం 1932 జనవరి 22వ తేదీదని, బొంబాయి కృష్ణా సినిమా హాలులో 1932 ఫిబ్రవరి 6న విడుదలయిందని నిరూపించారు. హాలు పేరు దొరకడమే అక్కడ కీలకం. ఆ రోజున ఆ హాలులో ఏ ఆట పడిందో పత్రిక ప్రకటన చెబుతుంది. ఫొటోకు ప్రకటనను జోడిస్తే సాక్ష్యం నిలుస్తుంది. ఒంటి ఫొటో నిలవదు.

ఫొటో వెనుకవైపు కూడా చూడండి. మన కావ్యాలలో ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరూ తండ్రి పేరూ చెప్పుకొన్నట్టు, స్టూడియోవాడు రబ్బరు ముద్ర వేసేవాడు. ఊరు, స్టూడియో పేరు, ఒక్కొక్కప్పుడు నెగెటివు నంబరు ఉంటాయి. రంపపు పళ్ళలాంటి అంచులున్న చిన్న ఫొటోలు ఎక్కువగా 1940, 50లనాటివి. ఆల్బములో జిగురుతో అంటించినవారు ఈ వెనుకవైపు సాక్ష్యాన్ని తమకు తెలియకుండానే చంపివేశారు. పీకవలసి వస్తే పీకకండి, ఆల్బము పుటతో సహా ఉంచండి.

నాకు ఈ ఫొటోలలో ప్రధాన విషయంకన్నా అంచులే ఇష్టం. స్టూడియోవాడిని పిలిచింది ప్రారంభోత్సవానికో, వందరోజుల పండుగకో. మధ్యలో తలపాగా యజమాని, పక్కన అధికారులు, మెడలో దండలు. వారు నిలబడ్డ తీరు అన్ని ఊళ్ళలోనూ ఒకటే. కాని చట్రం అంచున, ఎవరూ తీయమని అడగనివి పడి ఉంటాయి. టిక్కెట్ల కిటికీలు రెండు, పైన "స్త్రీలు", "పురుషులు" అని. కిటికీ ముందు మనిషిని ఒరుసుకొనేంత ఇరుకైన గోడల సందు. ధరల పలక మీద నేల, బెంచి, కుర్చీ అనే తరగతులు. "నేల టిక్కెట్టు" అన్న మాట భాషలో మిగిలింది; ఆ మాటకు పుట్టిల్లయిన పలకను చూడాలంటే ఈ ఫొటోలే శరణ్యం.

ఇంకొకటి. చాలా ఫొటోలలో హాలు పక్కగోడకు బయటనుంచి ఇనుప మెట్లు పైకి పోతుంటాయి. అవి ప్రొజెక్టరు గదికి. లోపలినుంచి కాక బయటనుంచి ఎందుకు? 1950ల తొలినాళ్ళ దాకా వాడిన నైట్రేటు ఫిల్ము గాలి అందకపోయినా మండేది. పక్కనే బొగ్గుకడ్డీల మధ్య నిప్పు వెలుగు. అందువల్ల 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కాలంనుంచి ప్రదర్శనశాలకు లైసెన్సు, అగ్నిభయం లేని వేరు గది తప్పనిసరి అయ్యాయి. ఆ గది కప్పు మీద పొగగొట్టంలాంటిది కనిపిస్తే అది బొగ్గుకడ్డీల పొగ పోవడానికే. మెట్లూ గొట్టమూ కనిపించిన ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఆ గదిలో పనిచేసిన ఆపరేటరు ఫొటో ఒక్కటే ఉంది. అదీ పెళ్ళి ఫొటో.

డేరా హాళ్ళకు ఈ మాత్రం సాక్ష్యం కూడా లేదు. పంట నూర్పిళ్ళు అయ్యాక పొలంలో గుడారం వేసి, ఒకే ప్రొజెక్టరుతో రీలు రీలుకూ విశ్రాంతి ఇచ్చి ఆడించి, వానలు పడేలోగా ఎత్తివేసేవారు. శంకుస్థాపన లేదు, తోరణం లేదు; ఫొటో ఎవరు తీయించుకొంటారు? నాకు దొరికిన ఒకే ఒక్క డేరా ఫొటోలో గుంజ చివరన లౌడుస్పీకరు గొట్టం ఉంది. ఆట మొదలు కాబోతోందని ఊరికి తెలిపే ఘంటసాలవారి "నమో వెంకటేశా" వచ్చింది అటువంటి గొట్టాలలోనుంచే. ఫొటో చూసిన మా ఊరి పెద్దవారంతా ముందు ఆ గొట్టాన్నే వేలితో చూపించారు.

2005 తరువాత డిజిటల్ ప్రొజెక్షను వచ్చి రీళ్ళ పెట్టెలు పోయాయి. హాళ్ళు చాలావరకు కల్యాణమండపాలు, గిడ్డంగులు, దుకాణ సముదాయాలు అయ్యాయి. హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లోని సుదర్శన్ డెబ్భై ఎం.ఎం. వంటి పేరున్న హాలుకే కూల్చివేత తప్పలేదు. చిత్రమేమంటే, పాత హాళ్ళ లోపలి భాగం నాకు స్పష్టంగా కనిపించింది కూల్చేటప్పుడు ఎవరో చేతిఫోనులతో తీసిన ఫొటోలలోనే. చీకటిలో ఆ కాలపు కెమెరాకు లోపలి భాగం పడేది కాదు. ఇప్పుడు పైకప్పు తీసివేశాక ఎండ నేరుగా నేల తరగతి మీద పడింది. వాలుగా ఉన్న గచ్చు, ఆడవారి వరుసకూ మగవారి వరుసకూ నడుమ నడుమెత్తు గోడ, వెనుకగోడలో బొమ్మ బయటికి వచ్చిన రెండు చదరపు కంతలు.