ట్రయాంగిల్ చోక్‌ని ఎవరు కనిపెట్టారు? కింద పడ్డవాళ్ళు!

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క పట్టు గురించి మాట్లాడుకుందాం. దాని పేరు ట్రయాంగిల్ చోక్. 'లైగర్' సినిమా చూసినవాళ్ళకి ఎంఎంఏ అంటే ఏంటో ఐడియా ఉంటుంది. ఫైట్ రీల్స్ చూసే అలవాటు ఉంటే ఈ పట్టు కూడా మీ కంట పడే ఉంటుంది. ఒకడు వెల్లకిలా పడి ఉంటాడు. పైవాడు బరువంతా వేసి నొక్కేస్తుంటాడు. కిందవాడి పని అయిపోయింది అనుకుంటాం. ఇంతలో కిందవాడి కాళ్ళు లేచి పైవాడి మెడ చుట్టూ ముడి పడతాయి. కొన్ని సెకన్లు పెనుగులాట. తర్వాత పైవాడు చేత్తో టపటపా తడతాడు. అంటే 'ఒప్పుకున్నాను, వదిలెయ్' అని. ఆట ముగిసింది.

చూడ్డానికి మ్యాజిక్‌లా ఉంటుంది కానీ, దీని వెనక వందేళ్ళ కథ ఉంది. ఆ కథలో జపాన్ స్టూడెంట్లు ఉన్నారు, బ్రెజిల్‌లో ఒక కుటుంబం ఉంది, అమెరికా టీవీ ఉంది. ఒక మేధావి ఒక్క రాత్రిలో కనిపెట్టిన పట్టు కాదిది. కింద ఇరుక్కుపోయినవాళ్ళు తరం తర్వాత తరం కొంచెం కొంచెంగా సరిచేసుకుంటూ వచ్చిన పట్టు. అలా సరిచేసుకునే వీలు ఎక్కడిది అంటే, ఇందాక చెప్పానే, ఆ చేత్తో తట్టడం. దాన్నే ట్యాప్ అంటారు. ఈ రోజు కథలో అసలు హీరో ఆ ట్యాపే.

ముందు ఈ పట్టు ఎలా పనిచేస్తుందో చూద్దాం. చోక్ అనగానే మనకి ఊపిరి ఆడకపోవడం గుర్తొస్తుంది. గొంతు నొక్కేస్తే గాలి అందదు, అదే కదా అనుకుంటాం. కానీ మంచి ట్రయాంగిల్ గొంతు జోలికి పోదు. మెడకి రెండు పక్కలా మెదడుకి రక్తం తీసుకెళ్ళే కరోటిడ్ ధమనులు ఉంటాయి. ఆ రెండింటినీ ఒకేసారి సరిగ్గా నొక్కితే మెదడుకి చేరే రక్తం బాగా తగ్గిపోయి, దాదాపు పది సెకన్లలో మనిషి స్పృహ తప్పుతాడు. ఒక్క పక్కే నొక్కితే నొప్పి ఉంటుంది కానీ పని జరగదు.

మరి కాళ్ళతో రెండు పక్కలా ఎలా నొక్కుతారు? అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రత్యర్థి చేతుల్లో ఒకటి మన కాళ్ళ లోపల, ఇంకోటి బయట ఉండాలి. మన ఒక కాలు అతని మెడ వెనక అడ్డంగా పడుతుంది. ఆ కాలి చీలమండని రెండో కాలి మోకాలి మడతలో బిగిస్తాం. అప్పుడు అతని మెడకి ఒక పక్క మన తొడ ఉంటుంది. మరి ఇంకో పక్క? లోపల చిక్కుకున్న చేయి ఉంది కదా, దాని భుజం. అంటే తన మెడని సగం నొక్కేది అతని సొంత భుజమే అన్నమాట. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. జపాన్‌లో జిగోరో కానో అనే ఆయన 1882లో కోడోకాన్ పెట్టి జూడో నేర్పడం మొదలుపెట్టాడు. అంతకుముందు జుజుత్సు పేరుతో ఎన్నో శాఖలు ఉండేవి. చాలా చోట్ల సాధన ఎక్కువగా ముందే అనుకున్న వరసలో సాగేది. నువ్విలా రా, నేనిలా వేస్తాను అన్నట్టు. కళ్ళు పొడిచే దెబ్బని, వేళ్ళు విరిచే దెబ్బని రోజూ పూర్తి బలంతో ప్రాక్టీస్ చేయలేం కదా. చేస్తే రేపటికి పార్ట్‌నర్ ఉండడు! కానో అలాంటి ప్రమాదకరమైనవి పక్కన పెట్టి, ఇద్దరూ నిజంగా ఎదిరించుకుంటూ చేసే సాధనకి పెద్దపీట వేశాడు. దాని పేరు రందోరి.

చోక్‌లు ఈ పద్ధతిలో బాగా ఇమిడాయి. ఎందుకంటే చోక్‌ని పూర్తి బలంతో వేయొచ్చు, అవతలివాడు తట్టగానే ఆపేయొచ్చు. ఇద్దరూ లేచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. రోజుకి ఇరవై సార్లు, సంవత్సరానికి వేల సార్లు. ముక్కు మీద గుద్దు నేర్చుకునేవాడికి ఈ సౌకర్యం లేదు. 'నిజంగా పడిందా లేదా' అని ప్రతిసారీ జవాబు వచ్చే చోట విద్య త్వరగా పదునెక్కుతుంది. ట్యాప్ ఇచ్చింది ఆ జవాబే.

ఇక ట్రయాంగిల్ పుట్టిన చోటికి వెళ్దాం. 1914లో క్యోటో ఇంపీరియల్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో కాలేజీ స్థాయి కుర్రాళ్ళ జూడో పోటీలు మొదలయ్యాయి. వీటినే కోసెన్ జూడో అంటారు. ఈ పోటీల రూల్స్ చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంటాయి. జట్టుకి పదిహేను మంది. గెలిచినవాడు బరిలోనే ఉండి తర్వాతివాడితో ఆడతాడు. డ్రా అయితే ఇద్దరూ బయటికి. నిలబడి విసరకుండా నేరుగా నేల మీదకి దిగి కుస్తీ పట్టొచ్చు.

ఈ రూల్స్ వల్ల ఏం జరిగిందో ఆలోచించండి. అవతలి జట్టులో ఒక పులి లాంటివాడు ఉన్నాడు. మీ జట్టులో బక్కవాడు ఒకడున్నాడు. బక్కవాడు గెలవక్కర్లేదు. డ్రా చేసుకుంటే చాలు, పులి కూడా బయటికి పోతుంది! అంటే ఓడిపోకుండా ఉండటం కూడా జట్టుకి లాభమే. ఇంకో సంగతి, నిలబడి విసిరే విద్య ఒంటబట్టాలంటే ఏళ్ళు పడుతుంది. ఈ కుర్రాళ్ళకి స్కూల్లో ఉండేది మూడేళ్ళే. నేల మీది పట్లు అంతకంటే త్వరగా వస్తాయి. అందుకే వాళ్ళు నేల మీద పడి, కింద నుంచి పోరాడటం మీద కూర్చున్నారు.

1920ల మొదట్లో ఈ వాతావరణంలోనే కాళ్ళతో వేసే ఈ ముడి రూపుదిద్దుకుంది. జపనీస్‌లో దీని పేరు సాంకాకు-జిమె. సాంకాకు అంటే త్రిభుజం. కొందరు ఒడా సునెతానే అనే గురువు పేరు చెప్తారు. ఇంకొందరు ఒకయామాలోని ఆరో నంబర్ హైస్కూల్‌ని, అక్కడ నేర్పిన కానెమిత్సు యాయిచిబెయ్‌ని, ఆయన శిష్యుల్ని తలుచుకుంటారు. ఇలా ఒకటికి రెండు పేర్లు వినిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఒకే రూల్స్ కింద, ఒకే ఇబ్బందిలో, వందల మంది కుర్రాళ్ళు రోజూ పెనుగులాడుతుంటే దారి ఒకచోట కాకపోతే ఇంకోచోట దొరుకుతుంది.

ఇది కానోకి అంతగా నచ్చలేదు. అందరూ నేల మీదే దొర్లుతుంటే నిలబడి చేసే జూడో ఏమైపోవాలి అని ఆయన బాధ. 1925లో కోడోకాన్ నేరుగా నేల మీదకి దిగడాన్ని కట్టడి చేస్తూ రూల్స్ మార్చింది. కోసెన్ వాళ్ళు మాత్రం తమ రూల్స్ తమవే అన్నారు. యుద్ధంతో ఆ పాత పోటీలు ఆగిపోయినా, 1952 నుంచి జపాన్‌లో ఏడు పాత ఇంపీరియల్ యూనివర్సిటీలు అదే పద్ధతిలో పోటీలు పెట్టుకుంటున్నాయి.

సరే, బ్రెజిల్‌కి ఎలా వచ్చింది? మామూలుగా మనం వినే కథ ఏంటంటే, మిత్సుయో మాయెదా అనే జూడో యోధుడు బ్రెజిల్ వెళ్ళాడు, కార్లోస్ గ్రేసీకి నేర్పాడు, కార్లోస్ తమ్ముళ్ళకి నేర్పాడు, అలా బ్రెజిలియన్ జియు-జిట్సు పుట్టింది అని. స్థూలంగా అది నిజమే. కానీ తేదీలు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. మాయెదా జపాన్ వదిలింది 1904లో. బ్రెజిల్ చేరింది 1914లో. సాంకాకు జపాన్ పోటీల్లో వాడుకలోకి వచ్చింది 1920లలో. అంటే ఆయన మూటలో ఈ పట్టు ఉండే అవకాశం దాదాపు లేదు!

రియోలో 1970ల దాకా ట్రయాంగిల్ పెద్దగా కనబడేది కాదని ఆ తరం వాళ్ళు చెప్తారు. మార్పు తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకునే పేరు రోల్స్ గ్రేసీ. కార్లోస్ కొడుకు, పెరిగింది బాబాయ్ ఎలియో ఇంట్లో. మన ఇంటి విద్య మనకి చాలు అనుకునే మనిషి కాదు. జూడో నేర్చుకున్నాడు, రెజ్లింగ్ చేశాడు, సాంబో పోటీలకి వెళ్ళాడు. ఆయన అకాడమీలో ఒకరు పాత జూడో పుస్తకంలో ఈ పట్టు బొమ్మ చూశారని, అందరూ కలిసి మ్యాట్ మీద ప్రయత్నించి చూశారని అక్కడివాళ్ళు చెప్పుకునే కథ. రోల్స్ 1982లో హ్యాంగ్ గ్లైడింగ్ ప్రమాదంలో చనిపోయాడు. వయసు 31. కానీ అప్పటికే కొత్త తరం చేతిలో, సారీ, కాళ్ళలో ట్రయాంగిల్ ఉంది.

ఇక ప్రపంచం దీన్ని చూసిన రోజు. 1994 డిసెంబర్ 16, అమెరికాలోని టల్సా నగరం, యూఎఫ్‌సీ 4 ఫైనల్. ఒక పక్క ఎలియో కొడుకు రాయిస్ గ్రేసీ, సుమారు 80 కిలోలు. ఇంకో పక్క రెజ్లర్ డ్యాన్ సెవెర్న్, 115 కిలోల పైనే. సెవెర్న్ పడగొట్టాడు, మీద కూర్చున్నాడు, నొక్కాడు. నిమిషాలు గడుస్తున్నాయి. రాయిస్ కింద ఓపిగ్గా ఎదురుచూశాడు. 15 నిమిషాల 49 సెకన్ల దగ్గర సెవెర్న్ తట్టాడు. ట్రయాంగిల్! ఇంకో తమాషా ఏంటంటే, కార్యక్రమం అనుకున్న టైమ్ దాటిపోవడంతో డబ్బు కట్టి ఇంట్లో చూస్తున్న చాలామందికి ప్రసారం మధ్యలోనే కట్ అయింది. అంత గొప్ప క్షణాన్ని వాళ్ళు చూడనేలేదు.

ఆ తర్వాత ఏమైంది? అందరూ డిఫెన్స్ నేర్చుకున్నారు. వెన్ను నిటారుగా పెట్టి లేవడం, కిందవాణ్ణి మడతపెట్టి మీద బరువు వేయడం లాంటివి. దాంతో పట్టు మళ్ళీ మెరుగవ్వాల్సి వచ్చింది. ఎదురుగా ఉండి పిండే బదులు నడుము తిప్పి పక్కకి కోణం తీసుకోవడం ముఖ్యమైపోయింది. కోణం మారితే తొడ సరిగ్గా ధమని మీద పడుతుంది, బలం తక్కువ సరిపోతుంది. ముడి వేసేటప్పుడు పాదం పట్టుకుని లాగకుండా ముంగాలు పట్టుకోమని నేర్పడం మొదలైంది, చీలమండ దెబ్బతినకుండా. వినడానికి ఇవన్నీ చిన్నచిన్న విషయాలే. కానీ ప్రతి చిన్న విషయం వెనకా 'పడలేదు, ఎందుకు పడలేదు?' అని మళ్ళీ మళ్ళీ వేసి చూసిన వేల గంటలు ఉన్నాయి.

2010లో రెండు నెలల్లోపు రెండు సార్లు ఇది దుమ్ము రేపింది. జూన్ 26న ఫాబ్రిసియో వెర్దుమ్, దాదాపు పదేళ్ళుగా ఓటమి ఎరగని ఫెదోర్ ఎమెలియానెంకోని 69 సెకన్లలో ట్రయాంగిల్‌లో బిగించి, చేయి కూడా వంచి ఓడించాడు. ఆగస్ట్ 7న ఆండర్సన్ సిల్వా నాలుగు రౌండ్లకి పైగా చేల్ సోనెన్ చేతిలో దెబ్బలు తిన్నాడు. ఐదో రౌండ్‌లో రెండు నిమిషాలు కూడా మిగల్లేదనగా కింద నుంచే కాళ్ళు వేశాడు. అంతే, టైటిల్ నిలబడింది. రెండు చోట్లా గెలిచినవాడు కింద ఉన్నవాడే, గమనించారా?

ఇప్పుడు మన ఫోన్ల దాకా వచ్చింది కథ. జపాన్ కుర్రాళ్ళకి మూడేళ్ళు పట్టిన విద్య 30 సెకన్ల రీల్‌లో దొరుకుతోంది. మంచిదే. కానీ ఆ రీల్‌లో ఒకటి కట్ అయిపోతుంది. తట్టగానే వదిలే అలవాటు. హాస్టల్ రూమ్‌లో సరదాగా ఫ్రెండ్ మెడకి వేసి, వాడు తడుతుంటే 'ఇంకొంచెం ఆగరా' అని నవ్వితే, పది సెకన్లు ఎంతసేపు? స్పృహ తప్పాక కూడా పట్టు వదలకపోతే మెదడు దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. మెడ మీద ఒత్తిడి వల్ల ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. చిన్నపిల్లల జియు-జిట్సు పోటీల్లో ట్రయాంగిల్ వేసి తల లాగడం నిషేధించింది ఊరికే కాదు. నేర్చుకోవాలని ఉంటే కోచ్ ఉన్న చోట, మ్యాట్ మీద నేర్చుకోండి. తట్టడానికి సిగ్గుపడకండి. అవతలివాడు తట్టిన మరుక్షణం వదిలేయండి.

ఆ అలవాటే లేకపోతే ఈ పట్టు మన దాకా వచ్చేదే కాదు. వందేళ్ళలో లక్షల మంది తమ మెడని ఇంకొకరి కాళ్ళ మధ్య పెట్టారు, తడితే వదులుతాడన్న నమ్మకంతో. ఆ నమ్మకం ఉంది కాబట్టే ఓడినవాడు లేచి, 'ఇందాక ఎలా వేశావు, ఇంకోసారి చూపించు' అని అడగగలిగాడు. గెలిచినవాడు చూపించాడు. పట్టు ఇంకొంచెం మెరుగైంది.

ఇదండీ ట్రయాంగిల్ కథ. మీ ఫ్రెండ్స్‌లో ఫైట్ రీల్స్ తెగ చూసేవాళ్ళు ఉంటే వాళ్ళకి తప్పకుండా పంపండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.