కొండ చీలికలో తేనెపట్టు

1877. రాయపూర్ ఇంకా చాలా దూరం.

రైలు నాగపూర్ దాకానే. అక్కణ్ణుంచి ఎడ్లబండి. పదిహేను రోజులకు పైగా అడవి దారి. పధ్నాలుగేళ్ల నరేంద్రనాథ్ దత్తా ఒక బండిలో ఒంటరిగా కూర్చున్నాడు. నాన్న విశ్వనాథ్ దత్తా కలకత్తా వకీలు. పని మీద ముందే రాయపూర్ చేరారు. ఇంటిల్లిపాదీ ఇప్పుడు ఆయన దగ్గరికే. ఇరుసు కిర్రుమంటోంది. వింధ్య కొండలు రెండు పక్కల నుంచీ ముంచుకొస్తున్నాయి.

ఒకచోట రెండు శిఖరాలు ఎదురెదురుగా వంగి దారిని కప్పేశాయి. పూలతో బరువెక్కిన తీగలు చెట్టు చెట్టునూ అల్లుకుపోతుంటే, రంగురంగుల పిట్టలు కొమ్మల్లోంచి చివ్వున లేస్తుంటే, వాటి వెంటే పైకి పాకుతున్న కుర్రాడి చూపు ఉన్నట్టుండి ఆగిపోయింది. కొండకు పైనుంచి కిందిదాకా చీలిక. ఆ చీలిక పొడవునా తేనెపట్టు.

ఎన్నేళ్ల కష్టం అది? ఎన్ని తరాల ఈగలు? మొదలెక్కడ, తుది ఎక్కడ? ఒక్కో ప్రశ్నా మరింత లోపలికి లాక్కుపోయింది. బండి నడుస్తూనే ఉంది. కుర్రాడికి స్పృహ లేదు.

ఎంతసేపో తనకే తెలీదు. కళ్లు తెరిచేసరికి బండి చాలా దూరం వచ్చేసింది. ఎవరూ చూడలేదు. తర్వాతెప్పుడో తనే చెబితే లోకానికి తెలిసింది.

రాయపూర్‌లో అప్పుడు సరైన బడి లేదు. ఆ ఊళ్లోని బూఢాపారా ఇంట్లో నాన్నే చదువు చెప్పారు. పాఠాల కంటే వాదనలే ఎక్కువ. వచ్చిపోయే పండితులతో కొడుకును సమానంగా మాట్లాడనిచ్చారు. ఏ తండ్రైనా ఇంతకు మించి ఏమివ్వగలడు? ఈ నగర విమానాశ్రయానికి ఇప్పుడు ఆ కొడుకు పేరే. స్వామి వివేకానంద. కానీ 1879లో కలకత్తా తిరిగెళ్లేనాటికి, అడవిలో తనకేమైందో విప్పిచెప్పే గురువు ఇంకా దొరకలేదు.

1881. కలకత్తాలో నరేంద్ర చదివే జనరల్ అసెంబ్లీస్ ఇన్‌స్టిట్యూషన్. ఇంగ్లీషు ప్రొఫెసర్ రాలేదు. ప్రిన్సిపాల్ విలియం హేస్టీ స్వయంగా తరగతిలోకి వచ్చారు. పాఠం వర్డ్స్‌వర్త్ 1814లో అచ్చేసిన 'ఎక్స్‌కర్షన్'. ప్రకృతి అందంలో మనిషి ఒళ్లు మరిచే ఘట్టం. విద్యార్థులకు అంతుపట్టలేదు. మనసు నిర్మలమై ఒక్కచోట నిలిస్తే ఆ స్థితి వస్తుందన్నారు హేస్టీ. అలా ఒళ్లు మరిచే మనిషిని తాను ఒక్కరినే చూశానన్నారు.

ఎవరాయన?

   పక్కనే ఉన్న దక్షిణేశ్వరం వెళ్లి రామకృష్ణ పరమహంసను చూడమన్నారు హేస్టీ.

నవంబర్‌లో పరమహంస భక్తుడు సురేంద్రనాథ్ మిత్రా ఇంట్లో పాడటానికి నరేంద్రకు పిలుపొచ్చింది. వినేవాళ్లలో పరమహంస ఉన్నారు. పాట అయ్యింది. ఆయన దగ్గరికొచ్చి, కుర్రాణ్ణి తేరిపార చూసి, దక్షిణేశ్వరం రమ్మన్నారు.